గోలు ముందర వడ్లు

బోధన్‌లో ఎరువుల దుకాణం ముందు బండి ఆపి ఉన్నాను. దుకాణదారు బస్తా నా బండి మీదికి ఎత్తుతూ, మాటవరసకు అన్నట్టు అన్నాడు.

"మీ ఊరి బడిల ఫుట్‌బాల్ సారు ఉండె గద, పోయిండటనే. జక్రాన్‌పల్లిల. గుండె ఆగిందట."

మనిషి పోయాడని వింటే ఎవరైనా ముందు అయ్యో అంటారు. నాకు ముందు గుర్తొచ్చింది మూడేళ్ల కింద ఆయన నలుగురిలో నన్నన్న మాట. నా తీరే అంత. ఎవరు నన్ను ఎక్కడ తక్కువ చేసి మాట్లాడారో వారంతో సహా గుర్తుంటుంది. మేనత్త కొడుకు పెళ్లిలో నాకు రెండోసారి కూర వేయకుండా గరిటె తిప్పుకుని పోయిన మనిషితో ఈ రోజుకీ మాట్లాడను. కాలువ నీళ్ల మీద, కరెంటు మీద, రోడ్డు మీద నేను రాయని దరఖాస్తు లేదు. మండలాఫీసులో నేను గుమ్మం ఎక్కితే "అగ్గో, కాయితం వచ్చింది" అంటారు. మనిషి వచ్చిండు అనరు. అదీ గుర్తుంది.

ఆ సారు మీద నాకు మూడు కోపాలు ఉండేవి. మూడూ చెబుతాను. ఆయనకు నా మీద ఉండాల్సిన కోపం ఒకటుంది, అదీ చెబుతాను. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. నేనూ చెప్పలేదు.

మా ఊరు కోటగిరి పోయే తోవలో ఉంటుంది. కాలువ కింద వరి, చెరుకు. కోతలయ్యాక వడ్లు ఆరబోయడానికి ఊళ్లో చదునైన నేల ఒక్కటే, బడి మైదానం. కార్తీకం వచ్చిందంటే సగం మైదానం మీద వడ్లు పోసిన టార్పాలిన్ పరదాలే. ఎవరి పరదా ఎక్కడ పరవాలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. నాది పడమటి గోలుకు దగ్గర. మేకలు రాకుండా, పావురాలు వాలకుండా మధ్యాహ్నమంతా అక్కడే కూర్చునేవాణ్ణి. గంటకోసారి లేచి వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచి కింది గింజ పైకి తిప్పేవాణ్ణి. అందుకే ఆయన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చెప్పిన ఆటపాఠం మొత్తం నా చెవిన పడింది. వినాలని విన్నది కాదు.

పొట్టి మనిషి. ఎడమ మోకాలు పూర్తిగా వంగేది కాదు. పర్మనెంటు సారు కాదు, ఏడాదికేడాది పెట్టుకునే సారు. మాట్లాడేటప్పుడు వెనక్కి నడిచేవాడు. ముందుకు నడిస్తే పిల్లల ముఖాలు కనబడవట. అట్లా వెనక్కి నడుస్తూ ఒకరోజు నా పరదా కాలికి తట్టుకుని వడ్లలో చతికిలబడ్డాడు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయన లేవకుండా అక్కడి నుంచే అడిగాడు.

"నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. గని నేను పడ్డప్పుడు బంతి ఎవల కాడ ఉన్నది? సూసినోడు ఒక్కడన్న ఉన్నడా?"

ఒక్కరూ లేరు. "పడ్డోణ్ణి సూసుకుంట కూసుంటే గోలు పడ్తది" అని వడ్లు దులుపుకుని లేచాడు.

ఆట నేర్పేటప్పుడు వరసగా పెట్టే ప్లాస్టిక్ శంకువులు కొనేవాళ్లు లేరు కాబట్టి చెరుకు గడలు మూరెడు మూరెడు నరికి వరసగా పాతించేవాడు. వాటి నడుమ బంతిని తిప్పుకుంటూ పోవాలి. గడ పడిపోతే మళ్లీ మొదటికి. "బంతిని తన్నకు, తోలుకపో. దూడను తోలుకపోయినట్టు. దూరం కొడితే దూడ ఎవలి చేన్లనో పడ్తది." బంతి వంక కాకుండా తల ఎత్తి నడవమనేవాడు. ఆయన వేళ్లు పైకెత్తితే, బంతి తోలుతున్న పిల్ల ఎన్ని వేళ్లో అరవాలి. పాస్ ఇవ్వడం నేర్పేటప్పుడు వంగి ప్రతి పిల్ల పాదం లోపలి పక్కన, మడిమకూ బొటనవేలికీ నడుమ, చాక్‌పీసుతో గీత గీసేవాడు. బంతికి సుద్ద అంటితే సరిగ్గా కొట్టినట్టు. అంటకపోతే "బొటనేలుతోని పొడిసినవు బిడ్డా, బంతికి దెబ్బ తాకింది, పాపం" అనేవాడు. తలతో కొట్టడం మాత్రం నేర్పలేదు. "గా తలకాయలు ఇంక పచ్చిగున్నయి. లెక్కలకు పనికొస్తయి, ఉండనియ్యుండ్రి."

బయటికి పోయిన బంతిని పక్క గీత నుంచి లోపలికి విసరడం మా చిన్నబిడ్డ శ్రావణికి ఎంతకీ రాలేదు. అప్పుడు ఏడో తరగతి. విసిరేటప్పుడు ఒక కాలు లేచేది. "రెండు కాళ్లు నేల మీద, రెండు చేతులు బంతి మీద, తల ఎనుకకెళ్లి పైనుంచి రావాలె. ఇంట్ల బిందె ఎట్ల దించుతవు?" అన్నాడు. "మా ఇంట్ల నల్లా ఉన్నది సార్" అంది ఇది. సారు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆయన దగ్గర ఈల లేదు. ఆటల సారు అంటే మెడలో ఈల ఉంటుందనుకుంటాం. ఎవరో అడిగితే అన్నాడు, "ఈల నా నోట్ల ఉంటే తప్పు నేను పట్టాలె. లేకుంటే చేసినోళ్లే చెప్పాలె. నాకు రెండే కండ్లు." బంతి చేతికి తగిలితే తగిలినవాళ్లే చెయ్యి లేపాలి. కాలు అడ్డం పెట్టి పడేస్తే పడేసినవాళ్లే ఆగి చెయ్యి లేపాలి. మొదటి నెలలో ఎవరూ లేపలేదు, కొట్లాటలే. రెండో నెలకు పిల్లలు పోటీపడి లేపడం మొదలైంది. తగలకున్నా లేపే పిల్లలు తయారయ్యారు. "ఓయ్ హరిశ్చంద్రా, దించు, నీకు తాకలే" అని వాళ్ల చెయ్యి దింపించేవాడు. మరీ మొండికేసినవాళ్లకు జేబులోంచి పసుపు కార్డు తీసి చూపేవాడు. అది ఎవరిదో పాత పెండ్లి పత్రిక, నాలుగు మూలలా పసుపు పూసింది. ఎర్ర కార్డు ఏదని అడిగితే, "గదెందుకు? బయటికి పంపనీకి బడికి రమ్మన్ననా?" అనేవాడు.

ఇక నా కోపాలు.

మొదటిది ఒక మంగళవారం. ఆఫ్‌సైడ్ చెబుతున్నాడు. పెద్దవాళ్లకే అర్థం కాని ముచ్చట. పిల్లలను పెండ్లి భోజనాల బంతిలో కూర్చోబెట్టినట్టు వరసగా కూర్చోబెట్టి, ఒకణ్ణి లేపి దూరంగా కూర్చోమన్నాడు. "అందరు పిలుపు కోసం చూస్తుంటే ఒక్కడు ముందే పోయి వంటకాడ ఆకేసుకుని కూసుంటే ఏమంటరు? గట్లనే. నీ దోస్తు బంతి కొట్టేటప్పుడు నువ్వు బంతికంటె ముందట ఉంటే, నీకూ గోలుకూ నడుమ అవుతలోళ్లు ఇద్దరన్న ఉండాలె. గోలు కాసేటోడు ఒక్కడే ఉన్నడంటే నువ్వు పిలవకముందే పోయినవన్నట్టు." పిల్లలకు సగం అర్థమైంది. చుట్టూ చూసి నా పరదా వైపు చెయ్యి చాపాడు. "అగో, అన్న వడ్లు సూడుండ్రి. అందరికంటె ముందుగాల పోయి గోలు ముందర పడ్డయి. గిది ఆఫ్‌సైడ్."

అందరూ నవ్వారు. నా బిడ్డా నవ్వింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరు ఎదురుపడినా "ఏమే, వడ్లు ఆఫ్‌సైడ్ అయినయట గద" అనేవాళ్లు. పరదా ఇంకో పక్కకు జరపమని సారు మర్యాదగానే అడిగాడు. నేను ఇంకో గజం గోలు వైపే జరిపాను.

రెండోది ఆ వారంలోనే. నేను వడ్లు తిప్పుతుంటే పిల్లలందరినీ పరదా చుట్టూ నిలబెట్టాడు. "అన్న కాలు సూడుండ్రి. నేలను ఇడుస్తలేదు. తూకం ఒక కాలి మీదికెళ్లి ఇంకో కాలి మీదికి ఎట్ల పోతుందో సూడుండ్రి. నేను నెల రోజులు చెప్పింది అన్న ఊకెనే చేస్తుండు." ఇరవైమంది పిల్లలు నా వెనకే కాళ్లు ఈడ్చుకుంటూ నడిచారు. నన్ను కోతిని చేసి ఆడించాడనుకున్నాను. అది మెచ్చుకోలు కావచ్చని మూడేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. ఆయన పోయాడని విన్న రోజు, బండి మీద ఇంటికి వస్తుంటే తోచింది.

మూడోది చెప్పే ముందు వాన సంగతి చెప్పాలి. అసలు సంగతి అదే.

ఆ రోజు విత్తనాల పని మీద రుద్రూర్ పోయాను. తిరుగుదోవలో మబ్బు కమ్మింది. ఆ కాలంలో రావలసిన వాన కాదు. నా వడ్లు మొత్తం పరిచి ఉన్నాయి, దగ్గర మనిషి లేదు. వడ్లు ఒకసారి నానితే రెండు రోజుల్లో మొలక వస్తుంది, ఇక మిల్లువాడు ముఖం చూడడు. బండి ఎంత జోరుగా తోలినా వాన నాకంటే ముందే మా ఊరు చేరింది. తడిసి ముద్దయి మైదానంలోకి వచ్చేసరికి నా వడ్లు నడుమకు కుప్ప చేసి ఉన్నాయి. పైన పరదాలు. చుట్టూ ఇటుకలు, చెరుకు గడలు, పిల్లల పుస్తకాల సంచులు కూడా బరువుకు పెట్టారు. గాలికి లేస్తున్న అంచు మీద సారు రెండు కాళ్లతో నిలబడి ఉన్నాడు. తల మీద గుడ్డ కూడా లేదు. పిల్లలు వరండాలో వణుకుతూ కేకలు.

"అన్నా, గోలు పడకుంట ఆపినం!" అని అరిచాడు.

నేను కుప్ప చుట్టూ తిరిగి చూశాను. ఒక పరదా అంచు చినిగి ఉంది. "ఇగో, ఇది చినిగింది సూడు" అన్నాను. ఆయనతో నేనన్న మాట అదొక్కటే.

"చినిగిందా? పిల్లలు జర గట్టిగ గుంజిండ్రు అన్నా" అని ఆయనే నొచ్చుకున్నాడు.

తర్వాత పదిహేను రోజులకు బోధన్‌లో బడుల పోటీలు. నేనూ పోయాను. చెరొక గోలు మీద ఆట నడుస్తోంది. ఇంకో రెండు నిమిషాలు ఆపుకుంటే ఆట సమానం. మా గోలు ముందర బంతి ఎగిరి శ్రావణి మోచేతికి తగిలింది. రెఫరీ చూడలేదు. అవతలి జట్టూ చూడలేదు. నా బిడ్డ ఆగిపోయి చెయ్యి లేపింది.

రెఫరీకి మొదట అర్థం కాలేదు. "ఏంది పాపా, దెబ్బ తాకిందా?" అని అడిగాడు. "చెయ్యికి తాకింది సార్" అని ఇదే చెప్పింది. పెనాల్టీ. గోలు. ఓడిపోయాం. నా పక్కన నిలబడ్డ మనిషి "ఎవల పిల్లనో గని తెలివి లేని ఎడ్డిది" అన్నాడు. నా పిల్ల అని నేను చెప్పలేదు. అటు పక్క సారు ఒక్కడే నిలబడి చప్పట్లు కొడుతున్నాడు, గెలిచినట్టు. అదే నా మూడో కోపం.

మర్నాడు పొద్దున్నే దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. పిల్లలకు ఓడిపోవడం నేర్పుతున్నాడని రాస్తే ఎవరూ కదలరు. ఎన్నో రాసినవాణ్ణి, ఏ మాట పడితే ఆఫీసు కదులుతుందో నాకు తెలుసు. "సదరు వ్యాయామ ఉపాధ్యాయుడు బడి వేళలలో విద్యార్థులచే వడ్లు ఎత్తించి కూలిపని చేయించుచున్నాడు" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎవరి వడ్లో రాయలేదు, అంతే.

విచారణకు మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. వరండాలో కుర్చీ వేశారు. హెడ్‌మాస్టరు మేడం, నలుగురైదుగురు తల్లిదండ్రులు, నేను. వాన రోజు మేడం సెలవులో ఉంది. ఆఫీసరు కాగితం చదివి అడిగాడు.

"పిల్లలతోని వడ్లు ఎత్తించినవా?"

"ఎత్తిండ్రు సార్."

"బడి టైములనా?"

"నాలుగో పీరియడ్ సార్. ఆటల పీరియడ్."

"ఎవలియి వడ్లు?"

సారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేనేమైనా అనేవాణ్ణేమో అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఆయన బయట మైదానం వైపు చూశాడు. "వాన పడ్డది సార్. గప్పుడు ఎవలియని అడగలే."

"నాకు సమజైతలేదు. నీయా? నీ చుట్టాలయా?"

"ఊరోళ్లయి సార్."

ఆఫీసరు కిటికీలో గుమిగూడిన పిల్లల వైపు తిరిగాడు. "ఏందిరా, ఎవలియో మీకన్న ఎరికనా?" పిల్లలందరికీ తెలుసు. ముందు వరసలోనే శ్రావణి ఉంది. ఆమె నన్నే చూస్తోంది. నోరు తెరవబోయింది కూడా. సారు గబుక్కున, "పిల్లలను అడగకుండ్రి సార్. ఎత్తుమన్నది నేను. తప్పు నాది" అన్నాడు. అలవాటు కొద్దీ కుడిచెయ్యి సగం లేచింది. ఆఫీసరు "చెయ్యెందుకు లేపుతున్నవయ్యా, సంతకం పెట్టు" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

నేను అడుగు దూరంలో ఉన్నాను. ఆ వడ్లు నావని చెబితే నా కాగితం ఊరికి నవ్వులాట అయ్యేది. మైదానంలో వడ్లు పోయొద్దని అందరికీ హుకుం వచ్చేది, ఊరు నన్ను తిట్టేది. ఇవన్నీ నిజాలే. అయినా నేను నోరు మూసుకున్నది వాటి కోసం కాదు. నేను తప్పు చేశానని నలుగురిలో వినబడడం నాకు చేతకాదు. అంతే.

వారంలో ఆయన్ను తీసేశారు.

ఊరు విడిచి పోయేముందు ఆయన మా పొలం గట్టుకు వచ్చాడు. చెప్పులు గట్టు మీదే విడిచి, తడి మట్టిలో దిగి నా దగ్గరిదాకా వచ్చాడు. కొట్లాటకే వచ్చాడనుకుని పలుగు గట్టిగా పట్టుకున్నాను.

"అన్నా, మీరు రాసింది అబద్ధం కాదు. పిల్లలు ఎత్తిండ్రు. గా ముచ్చటకు నేను రాలే" అన్నాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "నిజామాబాద్‌ల జిల్లా ఆటలు. మన మండలం జట్టుకు శ్రావణిని ఏరిండ్రు. తల్లిదండ్రుల సంతకం కావాలె."

"ఓడగొట్టిన పిల్లను ఏరుడేంది?"

"రెండు కాళ్లు వస్తయన్నా ఆమెకు. ఎడమ కాలుతోని ఎంత కొడ్తదో కుడితోని గంతే కొడ్తది. ఏడో తరగతిల గిట్ల వచ్చిన పిల్లను నేను సూడలే. నాకు గూడ రాలే." తన వంగని మోకాలు చరుచుకుని నవ్వాడు. "నామీది కోపం పిల్ల మీద పెట్టకుండ్రి. నేనైతే ఉంట లేను గద."

"సోంచాయించి చెప్త" అన్నాను, ఆలోచించే ఉద్దేశం లేకున్నా.

కాగితం నా చేతిలో పెట్టి పోయాడు. నేను సంతకం పెట్టలేదు. జట్టు పోయే రోజు శ్రావణి పొద్దున్నే లేచి తల దువ్వుకుని, నేను టీ తాగేదాకా గడపలో కూర్చుంది. తర్వాత లేచి బడి సంచి తగిలించుకుని బడికి పోయింది. ఏడవలేదు. ఇంట్లో ఫుట్‌బాల్ మాట మళ్లీ ఎత్తలేదు. ఎవరి వడ్లో కూడా ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇంత గుట్టు ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలుసు.

ఆయన పోయిన సంగతి ఇంట్లో చెప్పిన రోజు, పదో తరగతి పుస్తకం ముందేసుకుని కూర్చున్న శ్రావణి తల ఎత్తింది. "పోతవా బాపు?"

"పోవాలె గద."

"వాళ్లింటామెకు చెప్తవా?"

ఏం చెప్పాలో ఆమె అనలేదు. నేను అడగలేదు.

నిజామాబాద్‌లో బస్సు మారి జక్రాన్‌పల్లిలో దిగాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గడప లోపల ఆయన భార్య ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. గోడకు ఆయన ఫొటో. ఫొటోలో కూడా వెనక్కి అడుగు వేయబోతున్నట్టే ఉన్నాడు. ఊరి పేరు చెప్పగానే ఆమె ముఖం విప్పారింది.

"కూసోండ్రి అన్నా. గా ఊరిని శాన యాది చేసుకుంటుండె. ఎవలో పిల్ల, రెండు కాళ్లు వస్తయట, గామె ముచ్చట ఎన్నిసార్లు చెప్పిండో. ఆడ్తుందా ఇప్పుడు?"

"లేదక్కా. ఆడ్తలేదు."

"అయ్యో." ఆకు కత్తిరించి తంబాకు పోసింది. "మీ ఊరికెళ్లి వచ్చినంక మల్ల ఏ బడిల పెట్టుకోలే. ఈడ్నే, వెనుక ఖాళీ జాగల, పిల్లలను జమ చేసి ఆడిపించేటోడు. తీసేసిండ్రని బాధ లేదు గని, ఎవలియో వడ్లని నేను అడిగితే చెప్పకపోతుండె. నాకు గూడ చెప్పలే, సూడు. పెండ్లామునైతిని. నీకు ఎరికనా అన్నా ఎవలియో?"

బస్సులో దారి పొడుగునా నేర్చుకున్న మాటలు ఒక్కటీ మిగలలేదు. ఎరిక లేదు అనే మాట మాత్రం నాలుక చివర సిద్ధంగా ఉంది. అది అనడం ఎంత సులువో నాకు తెలుసు. నేను దాన్ని మూడేళ్లుగా అంటున్నాను.

"నాయి అక్కా" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి.

"కాయితం పెట్టింది గూడ నేనే."

ఆమె నా ముఖం చూసింది. తిడుతుందనుకున్నాను. లేచి పొమ్మంటుందనుకున్నాను. అదైతే నాకు చేతనయ్యేది, తిట్టును మోసుకుని ఇంటికి పోవడం నాకు అలవాటే.  చాటలో సగం చుట్టిన బీడీ విచ్చుకుపోయింది. చివరికి, తనకు నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు, మెల్లగా అడిగింది.

"మరి గవి ఆరినయా అన్నా?"

"ఆరినయి" అన్నాను. "ఒక్క గింజ గూడ మొలక రాలే."

ఆమె తల ఊపి, విచ్చుకుపోయిన బీడీని మళ్లీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టింది.